నడుము దగ్గర ముడి

ఈరోజు మధ్యాహ్నం మా అత్తగారు పాపని గోడకి ఆనించి నిలబెట్టి, నడుము దగ్గర్నుంచి పాదం దాకా నూలు పోగుతో కొలత తీశారు. నేను వంటింటి గుమ్మంలో బియ్యం చాట పట్టుకుని నిలబడి చూస్తున్నాను. ఆవిడ నన్ను గమనించలేదు. పోగు చివర ఒక ముడి వేసి, వేలికి చుట్టి, వక్కపొడి డబ్బాలో పెట్టి మూత బిగించారు. పాపకి చక్కిలిగిలి పుట్టి నవ్వుకుంటూ పెరట్లోకి పరిగెత్తింది.

ఎందుకు కొలిచారని అడగొచ్చు. అడగలేదు. అడిగితే ఏదో మంచి మాటే చెబుతారు. నాకు మంచి మాటలంటేనే భయం. మా అత్తగారు చెడ్డ మనిషి కారు. నేను బి.ఏ. పరీక్షలు రాసేటప్పుడు తెల్లవారుజామునే లేచి కాఫీ కలిపి ఇచ్చిన మనిషి. పాపకి ఇంకా నాలుగేళ్ళు. మావారు కాలేజీలో పాఠాలు చెబుతారు. చట్టం గట్టిగానే ఉంది, ఆ రోజుల్లోలా సరిహద్దు దాటి పోదామంటే ఇప్పుడు నైజాం రాజ్యమే లేదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా సాయంత్రం పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇప్పుడు పాపకి ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో ఇది రాస్తున్నాను.

తొమ్మిదో ఏట నన్నూ ఒకరు ఇలాగే నూలు పోగుతో కొలిచారు. అప్పుడు నేనూ ఇలాగే నవ్వాను.

మాది మంగళగిరి. కొండ కింద నేత వీధిలో రెండు మగ్గాల ఇల్లు. తెల్లారేసరికి వీధి పొడుగునా పడుగులు కట్టేవారు. అంటే బట్టకి నిలువునా పోయే పోగులన్నీ కర్రల మీద వంతెనలా పరిచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వేవారు. పుల్లటి గంజి వాసన, నువ్వుల నూనె వాసన, తడి నూలు వాసన కలిసి మా వీధికి ఒక వాసన ఉండేది. ఇంకో వీధి పిల్లలు మమ్మల్ని కళ్ళు మూసుకుని పసిగట్టేవారు. గాలి కొండ వైపు నుంచి వస్తే మాత్రం స్వామికి పోసే పానకం వాసన వచ్చేది, బెల్లమూ మిరియాలూ యాలకులూ కలిసి. ఆ వాసన తగిలితే అక్కా నేనూ రాట్నం వదిలేసి మెట్ల దాకా ఒక్క పరుగు తీసేవాళ్ళం.

అక్క అంటే మా పెద్దనాన్న కూతురు. పెద్దనాన్నా పెద్దమ్మా ఒకే నెలలో కలరాతో పోయారు. అక్క మా ఇంట్లోనే పెరిగింది. నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఐదో తరగతి చదివేది, ముత్యాల్లాంటి అక్షరాలు రాసేది. మా ఇద్దరి పనీ కండెలు చుట్టడం. నాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, పోగుని అటూ ఇటూ తీసుకుపోయే నాడెలో పెట్టే చిన్న చిన్న కండెలకి రాట్నం మీద నూలు చుట్టి నీళ్ళ గిన్నెలో వేసి అందించాలి. ఇద్దరం ఒకే పలకా, ఒకే దువ్వెనా, ఒకే దుప్పటీ. దొంగతనాలు కూడా ఇద్దరివీ ఒకటే. పడుగుకి పట్టించగా మిగిలిన గంజిలో ఉప్పూ ఉల్లిపాయా వేసుకుని తాగేసేవాళ్ళం. నాయనమ్మ కుండ వంచి చూసి, "గంజి బట్ట తాగిందా, పిల్లలు తాగారా" అని మా పెదాలు వాసన చూసేది. నాయనమ్మ దగ్గర అబద్ధం నిలిచేది కాదు. అబద్ధం ఎలా ఆడాలో ఆవిడకే బాగా తెలుసని నాకు తర్వాత అర్థమైంది.

అవి యుద్ధం రోజులు. నూలు రేషన్ పెట్టిన కంట్రోలు కొట్లో కూడా దొరికేది కాదు. మా రెండో మగ్గం ఏడాదిగా ఖాళీగా ఉంది. దాని గుంటలో కోడి పొదిగేది. అలాంటి రోజుల్లో వైశాఖమాసం ఎండల్లో, పామర్రు వైపు నుంచి ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. వెంట ఆయన కొడుకు. పదహారేళ్ళుంటాయేమో, పైపెదవి మీద అప్పుడే నూగు మీసం. బండి మీద నాలుగు నూలు కట్టలు. నాయనమ్మ వాళ్ళకి ముంజలు వలిచి పెట్టింది. ఆ కుర్రాడు తల ఎత్తకుండా ముంజలు తిన్నాడు. పెద్దమనిషి నన్ను పిలిచి, లెక్కలు వచ్చా, పళ్ళు ఊడాయా అని అడిగాడు. అక్కని ఏమీ అడగలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు, నూలు కట్టలు మా ఇంట్లోనే ఉండిపోయాయి.

నాన్న కోడిని లేపేసి రెండో మగ్గం దులిపాడు. రెండు రోజుల్లో పడుగు ఎక్కించాడు. కండెలు అందించడానికి వెళ్ళి చూస్తే మగ్గం వింతగా ఉంది. పోగుల్ని విడదీసి పట్టే అచ్చు నిండా నూలు లేదు. మధ్యలో మాత్రమే ఉంది, రెండు పక్కలా దాదాపు జానెడేసి ఖాళీ. అంటే నేసే బట్ట వెడల్పు తక్కువ. మేం దాన్ని పన్నా అంటాం. పెద్దవాళ్ళు కట్టే చీరకి ఆ పన్నా సరిపోదు, మోకాలి కిందికి వచ్చి ఆగిపోతుంది. తెల్ల నూలు, రెండు అంచులకీ ఎర్ర నూలు.

నాయనమ్మని అడిగాను. "అమ్మవారికి సారె చీరే. మొక్కుంది" అంది. విగ్రహానికి కట్టే చీర పన్నా చిన్నదే. నాకు సరిపోయింది ఆ జవాబు. అక్కకి సరిపోలేదు. సాయంత్రం ఎండిన గోంగూర కాడలు విరుస్తూ నా చెవిలో అంది.

"అమ్మవారు తెల్లచీర ఎప్పుడన్నా కట్టిందా?"

"మొక్కు అట్టా ఉందేమో."

"మీ నాన్న నోట్లో ఏముందో చూశావా?"

మర్నాడు చూశాను. నాన్న నోట్లో పొగాకు ఉంది. మా ఇంట్లో అమ్మవారి చీర నేసేటప్పుడు నాన్న తలస్నానం చేసి, తడి పంచెతో, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా గుంటలో దిగేవాడు. లేచేదాకా మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు చద్దన్నం తిని, పొగాకు నములుతూ, వీధిలో పోయేవాళ్ళతో కబుర్లు చెబుతూ నేస్తున్నాడు. నాయనమ్మ పక్కనే కూర్చుని చూస్తూ కూడా ఒక్క మాట అనడం లేదు. ఇంకెప్పుడైనా అయితే రాట్నం తీసి విసిరేది.

"అవి మధుపర్కాలే" అంది అక్క. పెళ్ళిలో కట్టే తెల్లబట్టలు. ఎర్రంచు చీర పెళ్ళికూతురికి, ఎర్రంచు పంచె పెళ్ళికొడుక్కి. అవి మేం ఊళ్ళో వాళ్ళ కోసం ఎన్నో నేశాం, కానీ ఇంత చిన్న పన్నాలో ఎప్పుడూ నెయ్యలేదు. మా ఇంట్లో పెళ్ళీడుకి దగ్గరగా ఉన్నది అక్క ఒక్కతే. దానికి పన్నెండు. ఆ మాట మేమిద్దరం పైకి అనలేదు. అక్క గోంగూర కాడని ఆవగింజంత ముక్కలయ్యేదాకా విరుస్తూ ఉండిపోయింది.

ఆ రోజు నుంచీ నేను ఇంట్లో అందర్నీ కనిపెట్టడం మొదలుపెట్టాను. పెద్దవాళ్ళు ఏ గదిలో మాట్లాడుకుంటే ఆ గోడకి ఆనుకుని గచ్చకాయలు ఆడేదాన్ని. పద్నాలుగేళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే సర్కారు వారు జైల్లో వేస్తారని విన్నాను. బెజవాడలో రైలెక్కితే మధ్యాహ్నానికల్లా నైజాం సరిహద్దు దాటొచ్చని, అక్కడ ఆ చట్టం చెల్లదని, మన వీధిలోనే ఇద్దరు అలా చేసుకొచ్చారని విన్నాను. బయటికి మాత్రం మొక్కు తీర్చుకోవడానికి పోతున్నామని చెప్పాలట. అమ్మ ఆ మాటలు జరుగుతున్నంతసేపూ పప్పు రుబ్బుతూ ఉండేది. రుబ్బిన పప్పునే మళ్ళీ రుబ్బేది.  అమ్మ ఎటువైపు ఉందో నాకు తెలియలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

నేను అక్కకి మాట ఇచ్చాను. రైలు కదిలే ముందు పెద్దగా అరుస్తానని, పోలీసు వచ్చేదాకా అరుస్తానని. అక్క నవ్వి, "ముందు ఎర్రనూలు సంగతి చూద్దాం" అంది. అంచు నెయ్యకపోతే మధుపర్కం కాదు. ఎర్రనూలు ఉన్నది కొంచెమే, ఆ రోజుల్లో మళ్ళీ దొరకదు. ఇద్దరం ఎర్ర కండెలన్నీ తీసి చింతపండు జాడీ అడుగున పెట్టేశాం. రెండు రోజులు ఇల్లంతా వెతికారు. మూడో రోజు చారు ఎర్రగా వచ్చింది.

నాయనమ్మ కవ్వం తాడు తీసుకుంది. అక్కని కొట్టింది. వీపు మీద, కాళ్ళ మీద. నేనూ పెట్టానని ఏడుస్తూ అడ్డం వెళ్తే నన్ను రెక్క పట్టుకుని పక్కకి లాగింది తప్ప దెబ్బ వెయ్యలేదు. అంతటితో ఆగకుండా ఆ పూట నాకు వేడన్నంలో నెయ్యి వేసి కలిపి తినిపించింది. అమ్మానాన్నా లేని పిల్ల కాబట్టే అక్కకి దెబ్బలు, నాకు నెయ్యి అనుకున్నాను.  కానీ తిన్నాను.

అక్క మాత్రం ఆ పూట నుంచీ నన్ను అదోలా చూడడం మొదలుపెట్టింది. వీపుకి పసుపు రాస్తుంటే, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"మొన్న నీకు జ్వరం వచ్చి తగ్గినప్పుడు నాయనమ్మ నిన్ను పోగుతో కొలిచింది కదా. ఎందుకంది?"

"అమ్మవారికి నిలువెత్తు పోగు ఇస్తానని మొక్కుకుందంట."

"ఇచ్చిందా?"

ఇవ్వలేదు. నాయనమ్మ కొండ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పోగు నేను వెతికాను. వక్కాకుల సంచిలో, సున్నపు కాయ పక్కన, చుట్ట చుట్టి ఉంది. తీసుకొచ్చి అక్కని గోడకి నిలబెట్టి పోగు పట్టుకున్నాను. తల పైనించి వదిలితే పిక్కల దగ్గరే అయిపోయింది. నన్ను నిలబెట్టి అక్క పట్టుకుంది. మడమ దాకా సరిగ్గా వచ్చింది. అది నా పోగే కాబట్టి అందులో వింత లేదు. వింత ఏమిటంటే దానికి మధ్యలో ఒక ముడి ఉంది. అమ్మవారికి ఇచ్చే నిలువెత్తు పోగుకి మధ్యలో ముడెందుకు? ముడి నా నడుము దగ్గరికి వచ్చింది. అక్క ఆ ముడి దగ్గర్నుంచి చివరి దాకా ఉన్న పోగు పట్టుకుని లోపలికి నడిచింది. నేను వెంట నడిచాను. మగ్గం మీద నేసి ఉన్న తెల్లబట్టకి అడ్డంగా ఆ పోగు పరిచింది. ఈ ఎర్రంచు నుంచి ఆ ఎర్రంచుకి, పైన నాలుగు వేళ్ళు దోపుకోవడానికి వదిలి, సరిగ్గా సరిపోయింది.

అక్క మొహంలోకి చూశాను. భయపడుతుందనుకున్నాను, నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. తర్వాత తీసుకుంది కూడా. కానీ దానికి ముందు ఒక్క క్షణం దాని మొహం తేలిక పడింది. పది రోజుల నుంచీ మోస్తున్న బిందె దించుకున్నట్టు. అది దాని తప్పు కాదు. నేను చూశానని దానికి తెలుసు.

ముహూర్తం దగ్గరపడింది. మాటలు తగ్గాయి. అమ్మ ఒకరోజు అక్కని వెంటబెట్టుకుని చెరువుకి బట్టలకి వెళ్ళింది. నేనూ వస్తానంటే ఒళ్ళు వెచ్చగా ఉందని ఆపింది. నా ఒళ్ళు వెచ్చగా లేదు. వాళ్ళు వచ్చాక బట్టల మూట విప్పి చూశాను, సగం బట్టలు తడవనే లేదు. అక్క కుడిచేతి మధ్యవేలికి సిరా మరక ఉంది. అడిగితే నేరేడు పండంది. వైశాఖంలో నేరేడు పళ్ళెక్కడివి? ఇద్దరూ కలిసి నా మీద ఏదో చేస్తున్నారని అనుకున్నాను. ఆ రాత్రి అక్క దుప్పటిలోకి వెళ్ళలేదు.

మొక్కు తీర్చుకోవడానికని చెప్పి అయిదుగురం బయల్దేరాం. నాన్న, నాయనమ్మ, అమ్మ, అక్క, నేను. సామాన్లు మొయ్యడానికీ, నన్ను ఊరుకోబెట్టడానికీ అక్క. పొద్దున్నే రైల్లో కృష్ణ దాటాం. వంతెన మీద అందరూ నదిలో కాణీలు వేసి దణ్ణం పెట్టుకున్నారు. ఆ చప్పుడులో నాయనమ్మ నా చేతికి చక్కిలం ఇచ్చి, "ఊరు చూపిస్తాం, కొత్త చీర కట్టుకుందువు గాని" అంది. బెజవాడలో దిగి ఇంకో రైలు ఎక్కాలి. దానికి రెండు గంటలుంది. ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు నీడలో మూటలు వేసుకుని కూర్చున్నాం. బొగ్గు వాసన, పక్కన ఎవరో విప్పిన మామిడికాయ పచ్చడి వాసన. మధుపర్కాల మూట నాయనమ్మ ఒళ్ళోనే ఉంది. నా పిడికిట్లో ఆ పోగు ఉంది. సంచిలో తిరిగి పెట్టలేదు నేను.

అప్పుడు మావయ్య వచ్చాడు. అమ్మకి అన్న. బెజవాడలోనే ఒక అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పని. గోళ్ళలో ఎప్పుడూ నల్లగా ఉండేది. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, చొక్కా చేతులు మడిచే ఉన్నాయి. పలకరింపులు లేవు. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు కార్డొచ్చింది బావా" అన్నాడు నాన్నతో. "పిల్లని నేను తీసుకెళ్తన్నా. చదివించుకుంటా. కాదంటే ఇప్పుడే స్టేషన్ మాస్టరు గదిలోకి పోయి, ఈ పిల్ల వయసెంతో, మీరు ఎక్కడికి పోతన్నారో చెప్తా. నలుగురిలో గొడవెందుకు."

 నాన్న మగ్గం మీద పోగు తెగినప్పుడు ఎలా చూస్తాడో అలా రైలు పట్టాల వైపు చూశాడు. కార్డు ఎవరు రాశారని నాయనమ్మ అడిగింది.  అమ్మ కొంగు చివర ముడి వేసి, విప్పి, మళ్ళీ వేస్తోంది. నాయనమ్మ శాపనార్థాలు పెట్టింది, ఏడ్చింది, అవతల వాళ్ళు పందిరేసుకుని కూర్చుని ఉంటారంది, నూలంతా వాడేశామంది. మావయ్య నా చెయ్యి వదల్లేదు. చివరికి నాన్న, "తీసుకుపో" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది చాలా చిన్నది. నాయనమ్మ ఏడుపు ఆపింది. కళ్ళు తుడుచుకుంది. తల తిప్పి, మూటల దగ్గర గొంతుక్కూర్చున్న అక్కని చూసింది. మొహం చూడలేదు. "లేచి నిలబడవే" అంది. అక్క నిలబడింది. నాయనమ్మ చూపు దాని పాదాల దగ్గర మొదలై, మెల్లగా పైకి, నడుము దగ్గరికి వచ్చి ఆగింది. ఇంక తల ఎత్తకుండానే నాన్నతో గొంతు తగ్గించి అంది.

"కాస్త పొట్టవుద్ది. అంతేగా."

నేను విన్నాను. మావయ్య అప్పటికే లేచి నా మూట వెతుకుతున్నాడు, వినలేదనే అనుకుంటాను. అమ్మ విందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం విన్నాను, ఆ వాక్యంలో ఉన్నదంతా నాకు అర్థమైంది. ఆ నెలంతా నేను చేసిన పని అదే కదా, అర్థం చేసుకోవడం. అరుస్తానని మాట ఇచ్చింది కూడా నేనే. కానీ మావయ్య చెయ్యి నా చేతిలో గట్టిగా ఉంది. నేను నోరు విప్పితే ఆ చెయ్యి ఇంకో చెయ్యి కూడా పట్టుకోవాల్సి వస్తుందని, అప్పుడు నన్ను వదిలేస్తారేమోనని అనిపించింది. తొమ్మిదేళ్ళ పిల్లకి అంత ఆలోచన ఉంటుందా అని ఎవరైనా అడగొచ్చు. ఉంటుంది.

అక్క పులిహోర మూట విప్పి, నా వంతు ఆకులో పెట్టి మడిచి నా చేతికిచ్చింది. "ఎండకి పాడవుద్ది. ఇప్పుడే తినెయ్" అంది. అంతే అంది.

స్టేషన్ బయట మావయ్య నాకు గోలీసోడా కొనిపెట్టాడు. అది తాగుతుండగా రైలు కూత వినిపించింది.

నాలుగో రోజున వాళ్ళు అదే దారిన తిరిగి వచ్చారు. వాళ్ళకి అన్నం క్యారేజీ తీసుకెళ్తూ మావయ్య నన్నూ తీసుకెళ్ళాడు. ప్లాట్‌ఫారం మీద అక్క నిలబడి ఉంది. తెల్లచీర పసుపు నీళ్ళకి పచ్చగా అయింది. ఎర్రంచు దాని పిక్కల దగ్గర ఆగిపోయింది. కింద నాయనమ్మ తాడు తట్లు ఇంకా మానలేదు. మెట్టెలు లూజై దారం చుట్టారు. నేను దగ్గరికి వెళ్ళడానికి భయపడి మావయ్య వెనక దాక్కున్నాను. అక్కే వంగి నన్ను చూసి నవ్వింది.

"చూడవే, నీ చీర. కాళ్ళకి హాయిగా గాలాడతంది" అంది.

ఇంట్లో అందరినీ వేళాకోళం చేసే అలవాటు దానికి ముందు నుంచీ ఉంది. అది వేళాకోళమే అయి ఉండొచ్చు.

నేను మావయ్య ఇంట్లోనే ఉండిపోయి చదువుకున్నాను. అక్క మరుసటి ఏడు పామర్రు వైపు కాపరానికి వెళ్ళింది. ఆ నూగుమీసాల కుర్రాడు మంచివాడే అయ్యాడు. ముగ్గురు పిల్లలు. ఇంట్లో మగ్గం ఉంది, అక్క కూడా గుంటలో దిగి నేస్తుంది. ఐదో తరగతి దగ్గరే చదువు ఆగింది. చేతిరాత మాత్రం అలాగే ఉంది.

మావయ్య పోయాక ఆయన పెట్టెలో కాగితాలు సర్దుతుంటే ఆ కార్డు దొరికింది. అక్షరాలు అక్కవి. ముత్యాల్లా ఉన్నాయి. మొదటి మాట, "అన్నయ్యకి". అక్క ఆయన్ని అన్నయ్య అనదు. అమ్మ ఒక్కతే అంటుంది. అమ్మకి రాయడం రాదు. చెరువు గట్టున కూర్చుని అమ్మ చెబుతుంటే అక్క రాసింది. రైలు ఏ పూట, ఏ ప్లాట్‌ఫారం, నాకు ఎన్నేళ్ళు, నన్ను ఎలా కాపాడాలి, అన్నీ ఉన్నాయి. కార్డు వెనకా ముందూ నాలుగుసార్లు చదివాను. అక్క గురించి ఒక్క మాట లేదు. కార్డు అడుగున ఇంకా రెండు వరుసలు పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

నన్ను తప్పిస్తే ఆ మూట ఎవరికి పోతుందో అమ్మకి తెలుసా? రాస్తున్న పిల్లకి తెలుసా? తెలిసే ఆ చోటు ఖాళీగా వదిలిందా? అమ్మ ఇంకా మంగళగిరిలో ఉంది. సెలవులకి వెళ్ళినప్పుడల్లా అడుగుదామనుకుని, ఆవిడ పెట్టింది తిని వచ్చేస్తాను. పాప పుట్టాక అడగాలన్న ఆలోచన కూడా మానేశాను. ఒక చేత్తో పాపని పట్టుకుని ఉన్నప్పుడు, ఆ కార్డులో నేను ఏం రాయించి ఉండేదాన్నో నాకు తెలుస్తోంది. అదే కార్డు. అంతే చోటు ఖాళీ.

ఇంతవరకూ రాసి, ఉండబట్టలేక లేచి, పేపర్లు దిద్దుకుంటున్న మావారిని అడిగాను. అత్తయ్య పాపని ఎందుకు కొలిచారని. ఆయన నాలుక కరుచుకుని, నిఘంటువు మధ్యలోంచి ఒక కార్డు తీశారు. మొన్ననే వచ్చిందట. వాళ్ళమ్మకి చదివి వినిపించి, నాకు చెప్పడం మర్చిపోయారట. మర్చిపోయారనే అనుకుంటున్నాను.

అక్క రాసింది. మంచి నూలు దొరికిందట. పాపకి పరికిణీ నేసి పంపిస్తుందట. నడుము నుంచి పాదం దాకా కొలత తీసి పంపమంది. ఎదిగే పిల్ల కాబట్టి పన్నా ఒక జానెడు ఎక్కువే వేస్తానంది. చివర్లో ఇలా రాసింది: "నీకూ ఒక చీర నేద్దామనుంది. నీ కొలత పంపక్కర్లేదు. నాకు గుర్తుంది."

వక్కపొడి డబ్బా మూత తీసి ఆ పోగు తెచ్చుకున్నాను. నిద్రపోతున్న పాప పక్కన పరిచి మళ్ళీ కొలిచాను. సరిగ్గానే ఉంది. రేపు కవరులో పెట్టి పోస్టు చెయ్యాలి. అక్క రాసిన చివరి మాట ఎన్నిసార్లు చదివినా, అది నవ్వుతూ రాసిందో నవ్వకుండా రాసిందో నాకు తెలియడం లేదు.